సగమే తెచ్చుకున్న అజైల్

పోయిన నెల రెట్రో (పని ఎలా సాగింది, ఏం మార్చుకోవాలి అని కార్డుల మీద రాసుకుని మాట్లాడుకునే మీటింగ్) అయిపోయాక మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒక అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, మనం ఈ కార్డుల మీద రాసేవన్నీ ఎవరు చదువుతారు?" అని అడిగింది. తను చేరి ఏడాది కూడా కాలేదు. వెటకారంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను టక్కున "మనమే కదా చదువుకునేది" అన్నాను. తను సరేనని తలూపి వెళ్ళిపోయింది కానీ నా జవాబు నాకే నచ్చలేదు.

ఆ సాయంత్రం కూర్చుని పాత రెట్రో బోర్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. "టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ (కోడ్ పరీక్షించుకునే సెటప్) ఇంకో టీమ్ వాడుకుంటోంది, రెండు రోజులు పని ఆగిపోయింది" అనే కార్డు, మాటలు కాస్త అటూ ఇటూగా, వరసగా 11 రెట్రోల్లో ఉంది. రెండు వారాలకో స్ప్రింట్ (ఒక విడత పని), దాని చివర ఒక రెట్రో అనుకుంటే దాదాపు ఐదు నెలలు. ప్రతిసారీ దాని పక్కన యాక్షన్ ఐటమ్ అని ఎవరిదో ఒక పేరు రాసుంది, రెండుసార్లు నాదే. ఆ పేర్లలో ఒక్కరికి కూడా ఇంకో ఎన్విరాన్‌మెంట్ తెప్పించే అధికారం లేదు. ఆ సంగతి రాసినప్పుడే మా అందరికీ తెలుసు, అయినా రాశాం, ఎందుకంటే పేరు లేకుండా కార్డు వదిలేయకూడదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు.

అప్పట్నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. పద్నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, మూడు చోట్ల "ఇకనుంచి మనం అజైల్" అని ప్రకటించడం చూశా, ఒకచోట స్క్రమ్ మాస్టర్‌గా కూడా చేశా. అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న విడతలుగా చేసి, చూపించి, సరిచేసుకుంటూ పోయే తీరు. స్క్రమ్ అందులో బాగా వాడుకలో ఉన్న పద్ధతి, టీమ్ దాన్ని పాటించేలా చూసే మనిషి స్క్రమ్ మాస్టర్. అజైల్ ఎక్కడ చెడుతుంది అంటే జనం చాలా కారణాలు చెప్తారు, ట్రైనింగ్ చాల్లేదనీ, మీటింగులు ఎక్కువయ్యాయనీ, జిరా అనే టూల్‌లో పనుల టికెట్లు నింపడానికే రోజు సరిపోతోందనీ. అవన్నీ నిజమే కానీ నాకు వాటి వెనకాల ఇంకోటి కనిపిస్తోంది. అజైల్‌లో ఉన్న ప్రతి పద్ధతీ రెండు వైపులా ప్రశ్న అడుగుతుంది, పని చేసేవాళ్ళని ఒకటి, చేయించేవాళ్ళని ఒకటి. సంస్థలు మొదటి సగం తెచ్చుకుని రెండో సగం గుమ్మం బయటే వదిలేస్తాయి. మిగతా రోగాలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయని నా నమ్మకం.

స్టాండప్‌లో ఎవరు ఎవరి వైపు తిరుగుతారు

ఏ సంస్థ అయినా మొట్టమొదట తెచ్చుకునేది స్టాండప్పే (టీమ్ రోజూ నిలబడి మాట్లాడుకునే చిన్న మీటింగ్) కాబట్టి దానితోనే మొదలుపెడతా. స్క్రమ్ నియమాలు రాసున్న స్క్రమ్ గైడ్ ప్రకారం అది డెవలపర్లు తమ కోసం పెట్టుకునే పదిహేను నిమిషాలు, స్ప్రింట్ గోల్ వైపు వెళ్తున్నామా లేదా చూసుకుని ఆ రోజు ప్లాన్ సరిచేసుకోడానికి. నిన్న ఏం చేశా, ఇవాళ ఏం చేస్తా, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నలని 2020లో గైడ్ నుంచి తీసేశారు కూడా, మీకు కుదిరినట్టు మాట్లాడుకోండి అని. కానీ చాలా చోట్ల ఆ మూడు ప్రశ్నలే మిగిలి, ప్లాన్ సరిచేసుకోవడం అనేది పోయింది.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట మా మేనేజర్ రోజూ స్టాండప్‌కి వచ్చేవారు. మంచి మనిషి, గొంతు పెంచిన రోజు లేదు. అయినా గుండ్రంగా నిలబడ్డ తొమ్మిది మందిమీ ఆయన మొహం చూసే చెప్పేవాళ్ళం. ఒకరు చెప్తుంటే పక్కవాళ్ళు వినరు, తమ వంతు వచ్చేలోపు ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటూ ఉంటారు, ముఖ్యంగా నిన్న పని సాగకపోతే. ఒకసారి ఆయన వారం సెలవు పెట్టారు. మొదటిరోజు అలవాటుగా ఎవరి ముక్క వాళ్ళం అప్పజెప్పి వెళ్ళిపోయాం. మూడోరోజు ఒకతను "నేను అడ్రస్ వాలిడేషన్ రాస్తున్నా" అంటే ఎదురుగా ఉన్నామె "అదేంటి, మొన్నట్నుంచీ నేను రాస్తున్నది అదే కదా" అంది. వేరే వేరే టికెట్ల కింద ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. ఆ రెండు టికెట్ల మాటా అంతకుముందు రెండు రోజుల స్టాండప్‌లోనూ ఇద్దరూ చెప్పారు, ఎవరి చెవినా పడలేదంతే.

ఆయన తిరిగొచ్చాక ఈ సంగతి చెప్పి, మీరు వారానికి రెండు రోజులు రాకుండా చూడగలరా అని అడిగాను. కోపం తెచ్చుకోలేదు. "మధ్యాహ్నం పైవాళ్ళతో నాకు మీటింగ్ ఉంటుంది, అక్కడ ఒక్కో టికెట్ గురించీ నన్ను నిలదీస్తారు, ఇక్కడ వినకపోతే నేను ఇంకెక్కడ వినాలి చెప్పు" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మధ్యలో ఉన్న మేనేజర్ని విలన్‌ని చేసి మాట్లాడ్డం తేలిక, కానీ ఆయన పైన ఉన్నవాళ్ళు అడిగే తీరు మారకపోతే ఆయన మాత్రం ఏం మారతారు, ఆయనా ఇంకో స్టాండప్‌లో ఇంకొకరి వైపు తిరిగి చెప్తున్నవాడే కదా.

అడ్డంకులున్నాయా అనే ప్రశ్న చూడండి. నేను అడ్డంకి చెప్పాక అది తీయడం ఇంకొకరి పని అవుతుంది, కాబట్టి రేపు చెప్పాల్సింది వాళ్ళు. మూడు చోట్లా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మేనేజర్ గానీ డైరెక్టర్ గానీ నిలబడి "నిన్న మీరు చెప్పిన అడ్డంకి కోసం నేను ఇది చేశా, ఇవాళ ఇది చేస్తా" అనడం నేను వినలేదు. అడ్డంకి చెప్పినవాడే మర్నాడు "ఇంకా అలాగే ఉంది" అని చెప్పాలి, మూడోరోజుకి వాడికే విసుగొచ్చి చెప్పడం మానేస్తాడు. బయటినుంచి చూస్తే అడ్డంకి తీరిపోయినట్టే ఉంటుంది.

అంచనా, మాట ఇవ్వడం

ఈ స్ప్రింట్‌లో ఇంత పని అవుతుంది అని టీమ్ చెప్పేదాన్ని మొదట్లో కమిట్‌మెంట్ అనేవాళ్ళు. 2011లో స్క్రమ్ గైడ్‌లో దాన్ని ఫోర్‌కాస్ట్ అని మార్చారు, అంటే అంచనా. మారింది ఒక్క మాటే కానీ దాని బరువు చాలా ఎక్కువ. అంచనా తప్పితే "ఏం కొత్తగా తెలిసింది" అని అడుగుతాం, మాట తప్పితే "ఎందుకు తప్పావు" అని అడుగుతాం. మొదటి ప్రశ్నకి నిజం చెప్పొచ్చు, రెండోదానికి సంజాయిషీ చెప్పాలి. ఆ మార్పు వచ్చి ఇన్నేళ్ళయినా నేను కూర్చున్న ప్లానింగ్ మీటింగుల్లో "కమిట్ అవుతున్నారా లేదా" అనే మాటే వింటున్నా.

స్టోరీ పాయింట్లకీ, అంటే ఒక్కో పనికి టీమ్ వేసే సైజు అంకెలకీ, ఇదే గతి పట్టింది. పాయింట్లు పెట్టింది టీమ్ తనలో తాను పని సైజు మాట్లాడుకోడానికి. ఒక చోట మాదీ పక్క టీమ్‌దీ వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తిచేసిన పాయింట్లు) ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పెట్టి చూపించారు, మాది 32, వాళ్ళది 54. ఎవరూ ఏమీ అనలేదు, ఆ స్లైడ్ మీద అర నిమిషం ఆగారంతే. మూడు నెలలు తిరిగేసరికి మాది 50 దాటింది. ఎక్కువ రాయమని ఎవరూ చెప్పలేదు, మేమూ కూడబలుక్కోలేదు, కానీ ఇదివరకు మూడు వేసే పనికి చెయ్యి దానంతటదే ఐదు వైపు పోయేది. బయటికెళ్ళే సాఫ్ట్‌వేర్ మాత్రం అంతే. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఇలాంటిదే చెప్పారు, ఒక లెక్కని పట్టుకుని అదుపు చేయాలని చూస్తే ఆ లెక్క అప్పటిదాకా చూపించిన సంబంధం కాస్తా చెదిరిపోతుందని. అజైల్ విలువలు రాసిన మ్యానిఫెస్టో మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకరైన రాన్ జెఫ్రీస్ అయితే 2019లో, స్టోరీ పాయింట్లు కనిపెట్టింది నేనే అయ్యుండొచ్చు, అదే నిజమైతే ఇప్పుడు బాధపడుతున్నా అని రాసుకున్నారు.

పాయింట్లలో ఉన్న రెండో సగం ఏంటంటే, ఒక టీమ్ రెండు వారాలకి సుమారు ఇంతే చేయగలదు అని తేలాక, పైవాళ్ళు "అయితే ఏది వదిలేద్దాం" అని తేల్చాలి. ఆ ప్రశ్న వాళ్ళకి పోయేది కాదు. డేట్ అదే, చేయాల్సిన లిస్టు అదే, మనుషులు వాళ్ళే. అలాంటప్పుడు కదిలించడానికి మిగిలేవి రెండే, శనాదివారాలు, క్వాలిటీ. మేం రెండూ కదిలించాం.

ఆవిడ వచ్చిన రోజు

ఇది నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మేం బిల్లింగ్ కోసం స్క్రీన్లు చేస్తున్నాం. రివ్యూలకి, అంటే స్ప్రింట్‌లో చేసింది చూపించే మీటింగులకి, క్లయింట్ వైపునుంచి ప్రాజెక్ట్ మేనేజర్ వచ్చేవారు, చూసి బాగుందనేవారు. ఒకసారి ఏదో పని మీద వచ్చిన ఒక ఆపరేటర్‌ని కూడా ఆయన వెంట తీసుకొచ్చారు. రోజంతా బిల్లులు కొట్టే మనిషి ఆవిడ, మా ప్రాజెక్టు మొదలయ్యాక నేను చూసిన మొట్టమొదటి అసలైన యూజర్. మేం మూడు స్ప్రింట్లు కష్టపడి చేసిన సెర్చ్ స్క్రీన్ చూపించాం, తొమ్మిది ఫిల్టర్లు, సేవ్ చేసుకునే సదుపాయం అన్నీ. ఆవిడ చాలా మర్యాదగా విని, "బాగుందండీ, కానీ మేమెప్పుడూ వెతకమండీ, కాగితం మీద నెంబరుంటుంది, అది కొట్టేస్తాం. ఆ నెంబరు కొట్టే పెట్టె మాత్రం ఇప్పుడు రెండు క్లిక్కులు లోపలికి పోయింది" అన్నారు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే లోపల సంతోషంగానే ఉంది, ఎందుకంటే అజైల్ అంటే ఇదే కదా, ముందే తెలిసింది, ఇప్పుడు మార్చుకోవచ్చు అనుకున్నా. మర్నాడు మా ప్రోడక్ట్ ఓనర్ (ఏ పని ముందు చేయాలో తేల్చాల్సిన మనిషి) దగ్గరికెళ్ళి, మిగిలిన సెర్చ్ పనులు ఆపేసి ఆ నెంబరు పెట్టె ముందుకు తెద్దాం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు, కానీ "నా చేతిలో లేదు" అన్నారు. స్కోప్ డాక్యుమెంట్‌లో సెర్చ్‌కి తొమ్మిది ఫిల్టర్లని రాసి సంతకాలయ్యాయి. దాన్ని మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, దానికి రెండు వైపులా కమిటీ ఒప్పుకోవాలి, ఆ లోపు పేమెంట్ మైల్‌స్టోన్ పోతుంది. ఇంకో రెండు స్ప్రింట్లు మేం ఫిల్టర్లే చేశాం. ప్రోడక్ట్ ఓనర్ అనే మాట ఆయన ఇమెయిల్ సంతకంలో ఉంది. అంతకుముందు అక్కడ బిజినెస్ అనలిస్ట్ అని ఉండేది, మారింది అదొక్కటే.

ప్రోడక్ట్ ఓనర్ నెగ్గాలంటే ఆయన నిర్ణయాలని సంస్థ మొత్తం గౌరవించాలి అని స్క్రమ్ గైడ్‌లో ఒక వాక్యం ఉంది. ఆయన ఒక్క మనిషై ఉండాలి, కమిటీ కాకూడదు అని కూడా ఉంది. అవి టీమ్‌కి చెప్పిన వాక్యాలు కావు, సంస్థకి చెప్పినవి. నేను కూర్చున్న ట్రైనింగుల్లో ఆ భాగం వచ్చేసరికి స్లైడ్ తొందరగా మారిపోయేది, ఎందుకంటే ఆ వాక్యం వినాల్సినవాళ్ళు ఆ గదిలో ఉండేవాళ్ళు కాదు. రెండు రోజుల ట్రైనింగ్ మాకు, నలభై నిమిషాల పరిచయం వాళ్ళకి.

స్పాటిఫై మోడల్, అంటే స్పాటిఫై అనే మ్యూజిక్ కంపెనీ తన టీమ్‌లని అమర్చుకున్న తీరు, తెచ్చుకున్న చోట కూడా ఇదే చూశా. 2012లో దాని గురించి పేపర్ రాసిన హెన్రిక్ క్నీబర్గ్, ఆండర్స్ ఇవార్సన్, ఇది ప్రస్తుతం మేం పనిచేస్తున్న తీరు మాత్రమే, ఇది కూడా మారుతూనే ఉంటుందని అందులోనే చెప్పుకున్నారు. మా దగ్గర ఒక సోమవారం టీమ్‌లు స్క్వాడ్‌లు అయ్యాయి, డిపార్ట్‌మెంట్ ట్రైబ్ అయింది, అప్రైజల్ రాసేవాళ్ళు మాత్రం పాతవాళ్ళే.

మరి తప్పు పద్ధతిది కాదా

ఇంత చెప్పాక ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నేను కూడా చాలాసార్లు వేసుకున్నా. ఎప్పుడు చెడినా "మీరు సరిగ్గా చేయలేదు" అనడం మంచి వాదన కాదు. అలా అయితే ఏ పద్ధతీ ఎప్పటికీ తప్పు కాదు. ఇన్ని చోట్ల ఒకే రకంగా చెడుతోందంటే పద్ధతిలోనే ఆ సందు ఉండాలి.

ఉందనే నేననుకుంటున్నా. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్ అనే స్కీ రిసార్టులో 17 మంది కూర్చుని అజైల్ మ్యానిఫెస్టోలోని నాలుగు విలువలూ రాశారు, వాటి వెంట 12 సూత్రాలు వచ్చాయి. వాళ్ళంతా సాఫ్ట్‌వేర్ చేసే పని బాగా తెలిసినవాళ్ళు. అందులో మనుషులని నమ్మండి, వాళ్ళకి కావాల్సినవి ఇవ్వండి అని ఒక సూత్రం ఉంది, మంచిదే. కానీ ఏడాదికోసారి తేలే బడ్జెట్ గురించీ, సంతకాలైన కాంట్రాక్టుల గురించీ, అప్రైజల్స్ గురించీ ఒక్క ముక్క లేదు. కస్టమర్‌తో కలిసి పనిచేయడం కాంట్రాక్టు బేరాలకంటే మిన్న అన్నారు నిజమే, అయితే ఆ కాంట్రాక్టు రాసే లీగల్ టీమ్ దగ్గరికి ఆ వాక్యాన్ని ఎవరు తీసుకెళ్ళాలో చెప్పలేదు. ఆ ఖాళీలో ఎవరికి వీలైన సగం వాళ్ళు తీసుకున్నారు. టీమ్‌లూ తక్కువ తినలేదు, "డాక్యుమెంట్ల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం" అనే దాన్ని పట్టుకుని మా టీమ్ ఒకప్పుడు ఏమీ రాయడం మానేసింది, కుడివైపు వాటికీ (ఆ పోలికలో రెండో స్థానం ఇచ్చిన డాక్యుమెంట్ల లాంటివాటికీ) విలువ ఉంది అని కిందే ఉన్న వాక్యం చదవకుండా. పేమెంట్ మాడ్యూల్ తెలిసిన ఒక్కడూ మానేశాక మూడు వారాలు కోడ్ తవ్వుకుంటూ కూర్చున్నాం. అంటే తిలాపాపం తలా పిడికెడు. మా సౌకర్యం కోసం మేమూ ఒక సగం వదిలేశాం.

ఇలా సగం చదవడం అజైల్‌తో మొదలైందీ కాదు. ఒక దశ పూర్తయ్యాకే ఇంకో దశకి దిగే వాటర్‌ఫాల్ పద్ధతికి మూలం అని అందరూ చూపించేది విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పేపర్. అందులో మెట్లు మెట్లుగా దిగే బొమ్మ ఒకటుంది, ఆ బొమ్మే లోకమంతా పాకింది. కానీ ఆ పేపర్లోనే ఆయన ఇలా చేయడం ప్రమాదం, వైఫల్యాన్ని పిలుచుకున్నట్టే అని రాసి, మిగతా పేజీలన్నీ దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడానికి వాడారు, ఒకసారి చిన్నగా మొత్తం చేసి చూసుకోండి, కస్టమర్ని మధ్యమధ్యలో కలుపుకోండి అని. అసలు వాటర్‌ఫాల్ అనే మాట కూడా ఆ పేపర్లో లేదు. బొమ్మ తీసుకెళ్ళి హెచ్చరిక వదిలేశారు. అది చదివినప్పుడు నాకు మా టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ కార్డే గుర్తొచ్చింది.

ఇంజనీరింగ్ వైపు కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఆటోమేటెడ్ టెస్టులు, రోజూ కోడ్ కలపడం, రీఫ్యాక్టరింగ్ (చేసే పని మారకుండా కోడ్‌ని శుభ్రం చేయడం) లాంటివి వదిలేసి మీటింగులు మాత్రమే తెచ్చుకుంటే కొన్నాళ్ళకి కోడ్ బురదలా తయారై టీమ్ నెమ్మదిస్తుందని సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2009లోనే రాశారు. మేం దాన్ని అక్షరాలా అనుభవించాం. దాని గురించి చాలామంది బాగా రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

ఇంకో వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నా వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. ఈ సగం అజైల్ కూడా అంతకుముందు ఉన్నదానికంటే నయమే. నా మొదటి ప్రాజెక్టులో ఎనిమిది నెలలు రాసి, ఆఖర్న అన్నీ కలిపితే ఏదీ దేనితోనూ మాట్లాడలేదు, అప్పటిదాకా రిపోర్టుల్లో అంతా పచ్చగానే ఉంది. ఇప్పుడు ఏదైనా తేడా ఉంటే రెండు వారాల్లో మాకు తెలిసిపోతుంది. ఆ ఆపరేటర్ వచ్చింది కూడా రివ్యూ ఉండబట్టే. అందుకే "అజైల్ అంతా దండగ, తీసిపారేయండి" అనే వాళ్ళతో నేను కలవను. తెలియడం వరకు పద్ధతి పనిచేస్తోంది. తెలిశాక ఏం చేయాలో తేల్చే అధికారం మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర లేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, అసలు తెలియకపోవడం కంటే తెలిసి ఏమీ చేయలేకపోవడమే మనుషుల్ని ఎక్కువ విరిచేస్తుందేమో అని. ఆ అమ్మాయి మొహంలో నాకు కనిపించింది అదే అనుకుంటా.

31 కార్డులు

ఆ అమ్మాయి అడిగిన వారమే ఒక పని చేశాను. 11 రెట్రోల కార్డులన్నీ ఒకచోట పోసి, మళ్ళీ మళ్ళీ వచ్చినవి కలిపేస్తే 31 మిగిలాయి. ఒక్కోదాని పక్కన ఇది మా టీమ్ తేల్చగలదా, పైవాళ్ళే తేల్చాలా అని రాసుకున్నా. 12 మా చేతిలోవి. వాటిలో 9 ఇప్పటికే చేసేశాం, మిగిలిన 3 మా తప్పే, కోడ్ రివ్యూలు లేటవడం లాంటివి. 19 మా చేతిలో లేనివి. వాటిలో అయినవి రెండు.

ఆ 19 పట్టుకుని డైరెక్టర్ దగ్గరికెళ్ళాను. ఆయన అన్నీ చదివి, "ఇవి నాకెప్పుడూ రాలేదే" అన్నారు. అది నిజం. రెట్రో బోర్డు టీమ్ దాటి పోకూడదని, పోతే జనం మనసు విప్పి మాట్లాడరని నేనే గట్టిగా పట్టుబట్టేవాణ్ణి. ఇప్పటికీ అందులో తప్పుందనుకోను. మేనేజర్ ఉన్న స్టాండప్ ఏమైందో చూశా కదా, రెట్రోకీ అదే గతి పట్టదని ఏంటి నమ్మకం. వాళ్ళుంటే నిజం బయటికి రాదు, లేకపోతే వచ్చిన నిజం ఎటూ పోదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు కానీ, ఉండటమా లేకపోవడమా అన్నదానికంటే, వచ్చినప్పుడు ఎవరు జవాబు చెప్తున్నారు అన్నదే ముఖ్యమేమో అనిపిస్తోంది.

అందుకని ఆయన్ని అడిగింది చిన్నదే. రెట్రో మొత్తానికీ రావద్దు, ఆఖరి పదిహేను నిమిషాలు రండి, టీమ్ ఒప్పుకుని బయటపెట్టిన కార్డులు, ఎవరు రాశారో పేరు లేకుండా, మీ ముందు పెడతాం, పోయినసారి వాటికి మీరేం చేశారో మీరు చెప్పండి, చేయలేకపోతే ఎందుకు కుదరలేదో చెప్పండి అని. కాసేపు ఆలోచించారు. "ప్రతిసారీ జవాబు నా దగ్గర ఉండదు" అన్నారు. "మా దగ్గరా ఉండదు సార్, స్టాండప్‌లో అదే చెప్తుంటాం" అన్నాను. సరే, మూడుసార్లు చూద్దాం అన్నారు.

ఈ గురువారం మొదటిసారి. ఏ కార్డులు బయటపెట్టాలో టీమ్‌ని అడిగితే నలుగురు వద్దన్నారు, గొడవెందుకన్నా అని. వాళ్ళ భయం నాకు అర్థమైంది, వాళ్ళ కార్డులు పక్కన పెట్టేశాం. ఐదు మిగిలాయి. మొదటిది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్. అది నేను చదివి వినిపిస్తానన్నా కానీ, ఆ అమ్మాయి తనే చదువుతానంది.